వాయవ్యం పెరిగిన ఇల్లు

మా ఆయనకు వడదెబ్బ తగిలిన ఎండాకాలం మేం మణుగూరులో ఒక రేకుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. ఆయన ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ బండి నడిపేవాడు. ఆ రోజు మొదటి షిఫ్టు అయిపోయి బండి దిగుతూ దిగుతూ అక్కడే కూలబడ్డాడట. తోటివాళ్లు దవాఖానాకు మోసుకొచ్చేసరికి ఒళ్లు పెనంలా కాలిపోతోంది, ఎక్కడా చుక్క చెమట లేదు. నేను పరుగున వెళ్లి చూస్తే ఐసు ముక్కలు గుడ్డల్లో చుట్టి చంకల్లో పెట్టి ఉన్నారు. మర్నాటిదాకా ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "ఈయన ఒంట్ల వేడిని బయటికి పంపే పని దెబ్బతిన్నదమ్మా. ఇంకోసారి గిట్లయితే నా చేతుల్ల ఏం ఉండదు. ఎండాకాలమంతా చల్లటి చోట ఉంచాలె. ఒళ్లు ఎండిపోయి చెమట ఆగిందంటే ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యకుండ తీస్కరా" అన్నాడు. ఎండాకాలం తర్వాత ఇంకో ఎండాకాలం వస్తుంది కదా అన్న ఆలోచన నాకు ఆటోలో ఎక్కాక వచ్చింది. అప్పుడు ఏడ్చాను.

చల్లటి చోటు అనడం తేలికే. మాది రేకుల కప్పు. మధ్యాహ్నం అయ్యేసరికి ఫ్యాను తిరిగితే మీదికి నిప్పులు చల్లుతున్నట్టుండేది, అసలు తిరిగితే. ఆ రోజుల్లో ఎండ ముదిరే వేళకే కరెంటు పోయేది. కరెంటు లేని కూలరు ఉత్త రేకు డబ్బా. పక్క ఊళ్లో మా అత్తమామల ఇల్లుంది, కానీ వాళ్లు చక్కటి పాత పెంకుటిల్లు విప్పేసి, అందరిలా గొప్పగా ఉండాలని స్లాబు పోయించుకున్నారు. ఆ స్లాబు కింద పడుకోవడం కంటే పొయ్యి మీద కూర్చోవడం మేలని మా ఆయనే అనేవాడు.

నేను ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, మణుగూరులో ఒక ఇంజనీరు ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీసేదాన్ని. ఎంతమందికి ఎన్ని స్లాబు ఇళ్లు గీసి ఉంటానో! ముందు గ్రిల్లు, పైన పిట్టగోడ, పడమటికి పెద్ద కిటికీ. ఎండ ఎటు నుంచి వస్తుందని అడిగిన మనిషి ఒక్కడూ లేడు. మా ఆయన మంచం పక్కన కూర్చుని విసనకర్ర విసురుతున్నప్పుడు నాకు కోపం వచ్చింది. కరెంటుతో పని లేకుండా, కట్టిన తీరుతోనే చల్లగా ఉండే ఇల్లు గీయలేకపోతే ఇంక నా పెన్సిలు ఎందుకు?

అత్తమామల ఇంటి పక్కనే, అడవి అంచున, మా ఆయన వాటాకు వచ్చిన జాగా ఉంది. దానికి ప్లాను గీశాను. చిన్న ఇల్లు. తూర్పు పడమరలుగా పొడుగు, ఉత్తర దక్షిణాలకు సన్నం. అలాగైతే పొద్దునా సాయంత్రమూ మొహం మీద కొట్టే ఎండకు ఇల్లు తక్కువ దొరుకుతుంది. పడమటి వైపు కిటికీయే లేదు. అక్కడ స్నానాల గది, కట్టెల కొట్టు పెట్టాను, ఎండ దెబ్బ ఏదో అవే తింటాయని. దక్షిణానికి చూరు బాగా కిందికి దింపాను. గోడలు మూరెడు మందం. పైన పెంకు, పెంకు కింద వెదురు తడిక, తడిక మీద మట్టి మెత్తడం. వేడిగాలి పైకి పోయేందుకు కప్పు నడినెత్తిన సందు. రాత్రి కిటికీలన్నీ తెరిచి గోడలను చల్లబరచాలి, పొద్దెక్కకముందే అన్నీ మూసేసి ఆ చల్లదనాన్ని సాయంత్రం దాకా దాచుకోవాలి. ఇంటి మొత్తంలో చల్లటి చోటు ఉత్తరపు గది. మా ఆయన మంచం అక్కడ.

ప్లాను చూసి ఆఫీసులో నవ్వారు. "ఇల్లు కడుతున్నవా, వడ్ల కొట్టు కడుతున్నవా?" అన్నారు. మా ఆయనైతే, "మామిడికాయల్లెక్క నన్ను చీకట్ల మాగబెడతవా ఏంది?" అన్నాడు. వచ్చే ఎండాకాలానికి నువ్వు బతికుంటే అప్పుడు నవ్వుదువుగాని అని నేను కసిరాను. ఆ మాట అన్నాక విసనకర్ర అందుకుని మళ్లీ విసరడం మొదలుపెట్టాను.

శంకుస్థాపనకు శ్రావణమాసంలో ముహూర్తం కుదిరింది. తెల్లవారుతూనే ముగ్గు పోయాలని, అంటే పునాది గీతలు సున్నంతో గీయాలని, మామయ్య, మేస్త్రీ ముందే వెళ్లారు. మేస్త్రీ చేతికి నేను కంపాస్ ఇచ్చి, ప్లాను మీద ఉత్తరం బాణం గీసి మరీ చూపించాను. మా ఆయన్ని ఆటోలో మెల్లగా తీసుకుని నేను చేరేసరికి ముగ్గు తెల్లగా మెరుస్తోంది, తాళ్లు కట్టి ఉన్నాయి, అయ్యగారు కలశం సర్దుతున్నాడు. "తూర్పుకు సూటిగ కుదిరింది బిడ్డా, కండ్లారా చూసి పెట్టిన" అన్నాడు మామయ్య. పైన మబ్బు కమ్మేసి ఉంది. పూజకు వేళయింది. కూర్చున్నాం.

ఆ చలికాలమంతా గోడలు లేచాయి. పక్క గూడెం నుంచి ఆడవాళ్లు వచ్చి మట్టి మెత్తారు. మామయ్య రోజూ పొద్దున్నే వెళ్లి, వాళ్ల కంటే ముందు మట్టి తొక్కేవాడు. వద్దని చెప్పినా వినేవాడు కాదు. "నా కొడుకు పండే ఇల్లు" అనేవాడు. తలుపులో నుంచి ఎండ ఏటవాలుగా పడేది గాని, చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడని అందరికీ తెలిసిందే కనుక నాకు అనుమానం రాలేదు. మాఘంలో పాలు పొంగించాం. గోడలు ఆరాక, ఉగాదికి ముందు సామాను చేర్చుకున్నాం.

ఉగాది రోజులంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులు. సూర్యుడు సరిగ్గా తూర్పున పుట్టి సరిగ్గా పడమట గుంకుతాడు. ఒక పొద్దున నేను వీధి తలుపు తీసి ముచ్చటగా వెనక్కి తిరిగాను. ఎండ తిన్నగా నట్టింట్లో నుంచి పెరటి గుమ్మం దాకా పోవాలి. పోలేదు. పక్కకు వాలి ఉత్తరపు గోడ మీద పడింది. ఏదో పొరపాటు పడుతున్నానులే అని సర్దిచెప్పుకున్నాను. సాయంత్రం మా ఆయన మంచం సర్దుతుంటే కిటికీలో నుంచి సన్నటి ఎండ చార గది గోడ మీదికి వచ్చి నిలబడింది. ఉత్తరపు కిటికీలోకి, ఉగాది నాడు, సాయంత్రపు ఎండ.

కంపాస్ తెచ్చి గోడకు ఆనించాను. ముల్లు ఒక దిక్కు, గోడ ఒక దిక్కు. చెయ్యి చాచి జానెడు పెడితే ఎంత వెడల్పు కనిపిస్తుందో ఇంచుమించు అంత తేడా. ఇల్లు ఇల్లంతా తిరిగిపోయి ఉంది.

మామయ్య దగ్గరికి పరుగెత్తాను. "కంపాస్ పెట్టి చూడలేదా మామా?" అని అడిగాను.

"చూసినం. గడ్డపార పక్కన పెడితే దాని ముల్లు పిచ్చిదాని లెక్క తిరిగింది. గసుంటిదాన్ని నమ్మి నా కొడుకు ఇల్లు కడతనా?" అన్నాడు ఆయన. "మబ్బు కమ్మకముందు సూర్యనారాయణమూర్తి పైకొచ్చిండు. దండం పెట్టుకొని ఆయనకే సూటిగ తాడు గుంజిన. మా నాయన గట్లనే గుంజిండు. సూర్యుడు పుట్టే దిక్కే తూర్పు. ఇండ్ల తప్పేమున్నది?"

శ్రావణమాసంలో సూర్యుడు తూర్పున పుట్టడనీ, ఉత్తరానికి బాగా జరిగి పుడతాడనీ నేను ఎలా చెప్పను? చెప్పాను. "సూర్యుడు తూర్పున పుట్టడా?" అని నా వంక జాలిగా చూశాడు. పాత పెంకుటిళ్లలో ఆ తేడా ఎవరికీ పట్టేది కాదు. చుట్టూ వసారా, నాలుగు వైపులా కిందికి దిగిన చూరు ఉండేవి. నా ఇల్లు అలా కాదు. ఉత్తరం నుంచి ఎండ రాదన్న ధీమాతో అక్కడ చూరు తగ్గించి, రాత్రి గాలి కోసం కిటికీ పెద్దది పెట్టాను. రోహిణి కార్తె వచ్చేసరికి సూర్యుడు ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. మిట్టమధ్యాహ్నం దాటిందంటే పొద్దుగూకేదాకా ఎండ ఆ కిటికీ మీదా గోడ మీదా ఏకధాటిగా కొడుతుంది. చల్లటి గది అని ఏ గదిలో మా ఆయన్ని పడుకోబెట్టానో అదే కొలిమి అవుతుంది. మంచం ఇంకో గదిలోకి మారుద్దామంటే ఒక దాంట్లో పొయ్యి ఉంది, ఇంకోటి వీధి తలుపు ఎదురుగా ఉంది.

దీనికి మందు ఒక్కటే. ఇంటి వాయవ్యపు మూల నుంచి బయటికి, చూరు ఎత్తున, రెక్కలాగా ఒక గోడ కట్టాలి. పడమర నుంచి వాలే ఎండను అది అడ్డుకుంటుంది, ఉత్తరపు కిటికీ దాని నీడలో ఉంటుంది. మేస్త్రీకి గీసి చూపించాను. ఆయన కాగితం వంక కాదు, మామయ్య వంక చూశాడు.

మామయ్య మొహం పాలిపోయింది. "వాయవ్యం పెంచుతవా? ఆ మూల పెరిగితే ఇంటి యజమానికి గండం. నా కొడుకును నువ్వే చంపుతవా?"

"ఎండ చంపుతది మామా, మూల కాదు."

"పెద్దమనిషి ఒప్పుకోనిదే నేను ఇటుక పెట్టనమ్మా" అని మేస్త్రీ తాపీ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఇంకో మేస్త్రీని పిలిచాను. ఆయనా మామయ్య మొహం చూసి అదే మాట అన్నాడు. మామయ్య ఆ మూలన నులక మంచం వేసుకుని కూర్చున్నాడు, పొద్దున నుంచి సాయంత్రం దాకా, కాపలా. నేను ఆ పక్కగా నీళ్ల బిందె మోసుకుపోతుంటే మొహం తిప్పుకునేవాడు. నేనూ తిప్పుకునేదాన్ని. "మీరిద్దరు నన్ను బతికించెటందుకు కొట్లాడి కొట్లాడి చంపేటట్టున్నరు" అని మా ఆయన లోపల మంచం మీద నుంచి నవ్వేవాడు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండేది. అత్తమ్మ మాత్రం ఎవరి పక్షమూ మాట్లాడలేదు. ఆమె వంట చేసి తెచ్చి ఇద్దరి ముందూ పెట్టి పోయేది.

నేను తాటాకు తడికలు తెచ్చి కిటికీ బయట కట్టాను, గోనె పట్టాలు తడిపి వేలాడదీశాను. ఎండ పెరిగే కొద్దీ అవి ఆరిపోయే వేగమూ పెరిగింది. బీడీల తునికాకు కోతకు ఊరంతా అడవిలోకి పోయిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచి తడికలను ఎత్తుకుపోయింది. కరెంటు అంతకుముందే పోయింది. నేను పట్టాలు వెతుక్కుంటూ పెరట్లోకి పరుగెత్తి వచ్చేలోపు ఎండ మంచం మీదికి వచ్చేసింది. మా ఆయన నీళ్లు తాగుతూనే ఉన్నాడు, మాట మాత్రం ముద్దగా వస్తోంది. నుదురు ముట్టుకున్నాను. పొడిగా ఉంది. మెడ పొడి, వీపు పొడి.

"మామా!" అని అరిచాను. ఆ అరుపు నాదేనా అనిపించింది. మామయ్య లోపలికి వచ్చి కొడుకు ఒంటి మీద చెయ్యి వేసి, కాలినట్టు తీసేశాడు. మేమిద్దరం ఆయన్ని తడి దుప్పట్లో చుట్టి ఆటోలో వేసుకున్నాం. దారి పొడుగునా నేను బిందెలో నీళ్లు గ్లాసుతో పోస్తూనే ఉన్నాను, మామయ్య పై పంచె విప్పి ఎండ పడకుండా కొడుకు మీద పట్టుకుని కూర్చున్నాడు. దవాఖానాలో మా ఆయన గట్టెక్కాడు. "ఈసారి వేళకు తెచ్చిన్రు. ప్రతిసారీ గిట్ల కాదు" అన్నాడు డాక్టరు. మామయ్య ఆ మాట విన్నాడు. ఆ రాత్రే మా ఆయన్ని ఇంటికి తెచ్చుకున్నాం.

మర్నాడు ఆయన మూల దగ్గర కనిపించలేదు. పొద్దెక్కాక అయ్యగార్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చీ రాగానే మా ఆయనతో, "ఈ ఇల్లు నాకియ్యి" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. "మళ్లీ పాలు పొంగియ్యాలె. యజమాని పీట మీద నేను, మీ అమ్మ కూసుంటం. మీరిద్దరు పక్కన నిలబడుండ్రి. ఈ ఇల్లు నాదని అయ్యగారి ముంగట, దేవుని ముంగట చెప్పాలె."

నా నోటికి అడ్డు లేకుండా పోయింది. ఆ ఇంటి కోసం నా మెడలో, చేతులకు ఉన్న నగలన్నీ పోయాయి. "కొడుకు మంచం దిగలేడు, గిప్పుడు ఇల్లు గుంజుకుంటరా మామా? గోడ కట్టనియ్యరు, ఇల్లు కూడ ఉంచరా? మీకసలు మనసున్నదా?" అని గూడెం దాకా వినబడేట్టు అరిచాను. మా ఆయన నన్ను ఆపబోయాడు. నేను ఆగలేదు.

మామయ్య నేను అలిసేదాకా విన్నాడు. తర్వాత చాలా మెల్లగా అన్నాడు. "గోడ కట్టు బిడ్డా. నువ్వు గీసిన కాడనే కట్టు. యజమానికి గండం అన్నరు గదా. ఇయ్యాల్టి నుంచి ఈ ఇంటికి యజమానిని నేను. వచ్చేదేదో నన్నడగాలె, వాణ్ని కాదు."

వాస్తు నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ ఆయన నమ్ముతాడు. సూర్యుడు తూర్పున పుడతాడని ఎంత నమ్ముతాడో, ఆ మూల పెరిగితే మనిషి పోతాడని అంతే నమ్ముతాడు. నమ్మి, ఆ పీట మీద తను కూర్చుంటానంటున్నాడు. నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాను. "లే, లే. ఇటుకకు పురమాయించు, ఎండలు ఆగుతయా?" అని కసిరాడు.

అప్పుడు చూశాను, అత్తమ్మ స్లాబు ఇంట్లో నుంచి వస్తోంది. తలస్నానం చేసింది, పసుపు రాసుకుంది, పెట్టెలో దాచుకున్న పట్టుచీర కట్టుకుంది. ఆమెకు అంతా ముందే చెప్పాడన్నమాట. ఆయన పోతే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. వచ్చి పీట మీద ఆయన పక్కన కూర్చుంది. తన కొంగు తీసి ఆయన కండువాకు తనే ముడివేసుకుంది. ముడి సరిగా పడలేదని విప్పి మళ్లీ గట్టిగా వేసింది. యజమాని ఎవరని అయ్యగారు సంకల్పానికి అడిగితే మామయ్య తన గోత్రం, తన పేరు చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే పాత మేస్త్రీ తిరిగి వచ్చాడు. మొదటి ఇటుక మామయ్యే పెట్టాడు. గోడ లేచేదాకా రోజూ పక్కనే నిలబడి, నీళ్లు తడుపుతూ, తాపీ పని బాగాలేదని తిట్టాడు. నేను గోడ ఎంత దూరం రావాలో తాడు పట్టి చూపిస్తే, "ఇంకో మూర పెంచు. ఎటూ పెరిగిందే పెరిగె" అన్నాడు. ఆ మాటకు మా ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

రోహిణి కార్తె వచ్చింది. కాకులు నోళ్లు తెరుచుకుని చూరు కింద కూర్చున్నాయి. ఒకనాడు భోజనాల వేళకు ముందే కరెంటు పోయింది, ఇంక రాదని తెలుస్తూనే ఉంది. కిటికీలు పొద్దున్నే మూసేసి ఉన్నాయి. మట్టి గోడలు రాత్రి చల్లదనాన్ని ఇంకా వదల్లేదు. నలుగురం ఉత్తరపు గదిలో చేరాం. మంచం మీద మా ఆయన, కింద నేను, గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని మామయ్య, ఆయన పక్కన విసనకర్రతో అత్తమ్మ. కిటికీ తలుపు సందులో నుంచి చూస్తే బయట రెక్క గోడ అంచు ఎండకు తెల్లగా మండుతోంది. ఇవతలి వైపు నీడ కిటికీని దాటి అంతదూరం పరుచుకుని ఉంది. ఎండ గదిలోకి రాలేదు. అయినా నాకు నమ్మకం లేదు. నిమిషానికోసారి మా ఆయన నుదురు చూస్తున్నాను. పొడిగానే ఉంది, కానీ కాలడం లేదు. మామయ్య కూడా అటే చూస్తున్నాడు, పెదవులు ఏదో జపిస్తున్నాయి.

ఎంతసేపయిందో తెలియదు. మళ్లీ చెయ్యి పెట్టాను. వేళ్లు తడిశాయి. జుట్టు మొదట్లో, ముక్కు పక్కన, మెడ మడతలో, చిన్న చిన్న బొట్లు. నా చెయ్యి చెమటేమోనని కొంగుకు తుడుచుకుని మళ్లీ ముట్టుకున్నాను. ఆయనకు చెమట పడుతోంది.

"మామా, చెమట!" అన్నాను. మామయ్య మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చి కొడుకు నుదుటి మీద అరచెయ్యి పెట్టి, తడిని చూసుకుని, చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు. "ఏంది, దేవుణ్ని చూసినట్టు చూస్తున్నరు?" అన్నాడు మా ఆయన. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. ఆ సంతోషం చెప్పుకోవడానికి అత్తమ్మ వైపు తిరిగాను.

ఆమె కొడుకు వైపు చూడటం లేదు. చూపు మామయ్య వీపు మీద ఉంది. విసనకర్ర ఆయన వైపే తిప్పి విసురుతూ, రెండో చేత్తో ఆయన పంచె అంచు గట్టిగా పట్టుకుని, ఆయన ఊపిరి తీసుకుంటున్నాడా లేదా అని చూస్తూ కూర్చుంది.